బోల్టు పట్టింది, ఇంకేం కావాలి?

బయటి కంపెనీల క్లచ్ సెట్ల డబ్బాల మీద రెండు రాతలు తరచూ కనిపిస్తాయి. ఒకటి ‘డైరెక్ట్ ఫిట్’, రెండోది ‘స్టేజ్ 2’, ‘స్టేజ్ 3’. మొదటిదానికి అర్థం ఫ్లైవీల్ మీది బోల్టు రంధ్రాలు కలిశాయని. రెండోదానికి అర్థం ఆ డబ్బా అచ్చేసినవాళ్లే చెప్పాలి, ఎందుకంటే స్టేజ్ అనే కొలతకి అందరూ ఒప్పుకున్న ప్రమాణమంటూ లేదు. ఒకరి స్టేజ్ 1 ఇంకొకరి స్టేజ్ 2 కంటే గట్టిది కావచ్చు. అయినా ఆ అంకె చూసి మురిసిపోయి ఆఫీసుకెళ్లే కారుకి పందెపు క్లచ్ బిగించుకునేవాళ్లకి కొదవలేదు. బోల్టులు కలిశాయి కాబట్టి పార్టు కలిసిందనడం, ఎత్తు సరిపోయింది కదా అని పెళ్లి ఖాయం చేసుకోవడమే.

క్లచ్ ఎంత టార్కు మోస్తుందో తేల్చడానికి ఇంటర్ ఫిజిక్స్ చాలు. ప్రెషర్ ప్లేటు నొక్కే బలం, లైనింగు ఘర్షణ గుణకం, దాని సగటు వ్యాసార్ధం గుణించి, క్లచ్ ప్లేటుకి రెండు ముఖాలు కాబట్టి రెట్టింపు చేయాలి. 4,500 న్యూటన్ల బలం, 0.3 గుణకం, 85 మిల్లీమీటర్ల వ్యాసార్ధం అనుకుంటే సుమారు 230 న్యూటన్ మీటర్లు వస్తుంది. పాత స్విఫ్ట్ డీజిల్ ఇంజిన్ ఇచ్చేది 190. ఆ లెక్కన ఐదో వంతు మిగులు ఉన్నట్టే. కార్ల కంపెనీలు కొంత మిగులు పెట్టే పంపిస్తాయి. ఇంజిన్ జోలికి పోకుండా, జారని క్లచ్‌ని ఇంకా బలిపిస్తే బండి వీసమెత్తు కూడా వేగం పుంజుకోదు. పుంజుకునేది పెడల్ బరువే. స్ప్రింగు గట్టిపడిన కొద్దీ, నొక్కిన ప్రతిసారీ ఆ ఒత్తిడి రిలీజ్ బేరింగు మీదుగా క్రాంక్‌షాఫ్టు థ్రస్ట్ వాషర్ల దాకా పోతుంది. సాయంత్రం ఆరింటికి అమీర్‌పేట దాటేవాళ్లకి ఎడమకాలి వ్యాయామం మాత్రం ఉచితం. పోనీ స్ప్రింగు మార్చకుండా సిరామిక్ లైనింగు వేస్తారా? పెడల్ తేలికే, కానీ అది పట్టేది ఒక్కసారిగా. హాఫ్ క్లచ్ మీద పాకించాల్సిన చోట బండి గజగజలాడుతుంది.

స్టేజీల గోల మాకొద్దు, ఇంజిన్ అదే కదా, ఆ క్లచ్చే వేస్తామనేవాళ్లు ఇంకొందరు. ఫియట్ 1.3 లీటర్ల డీజిల్ ఇంజిన్ మన దేశంలో మారుతీలోనూ ఉండేది, టాటాలోనూ ఉండేది. మారుతీలోనే స్విఫ్ట్‌కి 75 హార్స్‌పవర్, ఎర్టిగాకి 90. ఇంజిన్ ఒకటైనంత మాత్రాన గేర్‌బాక్సు ఒకటి కానక్కర్లేదు. ఇన్‌పుట్ షాఫ్టు పళ్లు తేడా వస్తే క్లచ్ ప్లేటు అసలు ఎక్కదు. అది నయం, తప్పు బల్ల మీదే బయటపడుతుంది. ఎక్కి కూర్చునే తప్పే ప్రమాదం. ప్రెషర్ ప్లేటు మధ్యలో ఉండే డయాఫ్రమ్ వేళ్ల ఎత్తు కొద్దిగా తేడా ఉంటే బోల్టులన్నీ బుద్ధిగా పడతాయి, కానీ బేరింగు ప్రయాణం చాలక క్లచ్ పూర్తిగా విడదు, రివర్సు గేరు గర్రుమంటుంది. డ్యూయల్ మాస్ ఫ్లైవీల్ ఉన్న బండిది ఇంకో కథ. అదురు మింగే స్ప్రింగులు ఆ ఫ్లైవీల్‌లోనే ఉంటాయి కాబట్టి చాలా బళ్లలో క్లచ్ ప్లేటుకి స్ప్రింగులుండవు. ఖరీదని దాన్ని పీకేసి మామూలు ఫ్లైవీల్ వేసి, ప్లేటు మాత్రం పాత రకానిదే ఉంచితే, ఐడిల్‌లో గేర్‌బాక్సు గలగలా మాట్లాడుతుంది.

బలమైన అభ్యంతరం ఒకటుంది: కార్ల కంపెనీలకి క్లచ్‌లు చేసిచ్చే వాలియో, ఎక్సెడీ, లూక్ లాంటివాళ్లే సొంత డబ్బాలోనూ అమ్ముతారు, షోరూమ్ ముద్రకి ఎక్కువ డబ్బులెందుకు? నిజమే, ఇవ్వొద్దు. ఛాసిస్ నంబరుతో పార్టు నంబరు సరిచూసి, పాత సెట్టు పక్కన కొత్తది పెట్టి వ్యాసం, పళ్లు, వేళ్ల ఎత్తు కొలిచి కొనండి. ఆ పది నిమిషాలకి ఓపిక లేక రెండు వేలు మిగుల్చుకున్న మహానుభావుడు, గేర్‌బాక్సు రెండోసారి దింపినందుకు అంతకంటే ఎక్కువ కూలీ కట్టుకుంటాడు. అమ్మేవాళ్ల ధైర్యమంతా ఆ బద్ధకం మీదే. ఈ సెట్టు ఎంత టార్కు మోస్తుందని అడిగి చూడండి, ‘ఆరు నెలలు గ్యారంటీ సార్’ అంటారు.