కొత్త మోకాలు, పాత దిండు

మోకాలి మార్పిడి ఆపరేషన్‌ను తెలుగిళ్లలో ‘చిప్పలు మార్చడం’ అంటారు. చాలాసార్లు మారనిదే చిప్ప. అరిగిన తొడ ఎముక చివరనూ కాలి ఎముక పైభాగాన్నీ కొద్ది మిల్లీమీటర్లు చెక్కి లోహపు తొడుగులు వేస్తారు, మధ్యలో గట్టి ప్లాస్టిక్ పలక పెడతారు.

ఆపరేషన్‌కు ముందు ఇంటిల్లిపాదీ చేసే కసరత్తు మూడు రకాలు: ఏ కంపెనీ కీలు అని చర్చించడం, బీమా కాగితాలు వెతకడం, అమావాస్య తగలకుండా తేదీ చూడడం. రోగి చేయవలసిన కసరత్తు ఒకటుంది. మంచం మీద కాలు చాపి, తొడ కండరం బిగించి, అయిదు లెక్కపెట్టి వదలాలి. ఆపరేషన్ తర్వాత మొదట నీరసించేది ఆ కండరమే. కీలు ధరకు 2017లో కేంద్రం పరిమితి పెట్టింది. తొడ కండరానికి ధరే లేదు; కనుక విలువా లేదు.

‘ఆపరేషన్ రోజే నడక’ అని హోర్డింగులు చెబుతాయి. అబద్ధం కాదు, వాకర్ పట్టుకుని చాలామంది ఆ రోజో మర్నాడో నాలుగడుగులు వేస్తారు. వీడియో అక్కడితో ఆగుతుంది. మూడోవారం మోకాలు మడవలేక పళ్లు బిగబట్టిన ముఖాన్ని ఏ హోర్డింగూ చూపదు.

ఇంటి గడపలో హారతి సిద్ధం. ‘కుడికాలు ముందు పెట్టమ్మా’ అంటారు. ఆపరేషన్ అయింది కుడికాలికే! మెట్టు ఎక్కేటప్పుడు ముందు పడాల్సింది బాగున్న కాలు, దిగేటప్పుడు ఆపరేషన్ కాలు. శాస్త్రానికి ఈ సంగతి తెలియదు కాబోలు.

తర్వాత పరామర్శకులు దిగుతారు. ‘కదలకు, కుట్లు ఊడతాయి’ అని ఒకరు. నొప్పి మాత్ర వేడి చేస్తుందని ఇంకొకరు. వ్యాయామానికి కాస్త ముందు పడాల్సిన ఆ మాత్ర డబ్బాలోనే ఉండిపోతుంది. ఫిజియో వచ్చేసరికి కూతురు ‘ఈ పూటకి వదిలేయండి, అమ్మ ఓర్చుకోలేకపోతోంది’ అని బతిమాలుతుంది. ప్రేమలో లోపం లేదు. మడతలోనే లోపం. కుర్చీలోంచి హాయిగా లేవడానికి మోకాలు 90 డిగ్రీలకు పైగా మడవాలి. మొదటి వారాల్లో సాధించకపోతే లోపలి కణజాలం బిగుసుకుంటుంది. కొందరికి మళ్లీ మత్తు ఇచ్చి డాక్టరే కాలు మడవాల్సి వస్తుంది.

అన్నిటికన్నా ఆప్యాయమైన శత్రువు దిండు. మోకాలి కింద పెడితే హాయిగా ఉంటుంది, కాలు మాత్రం వంకరగానే ఉండిపోతుంది. దిండు పెట్టాల్సింది మడమ కింద.