గుర్రం కాలి గాయానికి మలంచా వైద్యం

గుర్రం కాలికి దెబ్బ తగిలితే ముందు జనాన్ని పోగుచెయ్యండి. మందు సంగతి తర్వాత. కనీసం ఆరుగురుండాలి, తలో భాషా మాట్లాడాలి. ఈ సౌకర్యం మా ఖరగ్‌పూర్‌లో ఉన్నట్టు ఇంకెక్కడా ఉండదు. బెంగాల్ నాగపూర్ రైల్వే వాళ్లు ఇక్కడ వర్క్‌షాపు పెట్టాక శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి మా తాతల తరం వచ్చి పడింది. బీహారు వాళ్లు, ఒడియా వాళ్లు వచ్చారు. బెంగాలీలు సరేసరి, ఊరే వాళ్లది. అందుచేత మా పేట మలంచాలో ఒక గాయం కనబడిందంటే నాలుగు రాష్ట్రాల వంటిళ్లు దాని మీద కలబడతాయి.

నేను ఫిట్టరుగా రిటైరయ్యాను. ఇంజన్లకి చేసిన చేతులు, గుర్రానికి చెయ్యలేవా?

మొన్న పెళ్లిళ్ల సీజన్లో మా వెనక సందు చాచా గుర్రం బారాత్‌కి వెళ్లింది. తెల్ల ఆడగుర్రం, సోన్‌పూర్ సంతలో కొన్నది. బాజాలు, జనరేటరు బండి, పైన పెళ్లికొడుకు. ఎవడో చాక్లెట్ బాంబు పేల్చాడు. గుర్రం అదిరిపడి వెనక్కి తన్నింది. వెనకాల టోటో, అదే బ్యాటరీ రిక్షా, ఉంది. దాని రేకు అంచుకి వెనక కుడికాలు, గిట్టకి జానెడు పైన, అడ్డంగా బెత్తెడు మేర కోసుకుపోయింది. (పెళ్లికొడుకు కూడా పడ్డాడు. అతన్ని ఎవరూ అడగలేదు.)

అప్పుడు మేం చేసినవన్నీ రాస్తున్నాను. ఎవరికైనా పనికొస్తాయి.

గాయాన్ని కడగొద్దు. చాచా కూతురు బాల్చీతో నీళ్లు తెస్తుంటే నేనే ఆపాను. తడి తగిలితే చీము పడుతుందని మా అమ్మ చెప్పేది. గాయం నిండా మా ఊరి ఎర్ర మొరం దుమ్ము పట్టి ఉంది. ఉండనివ్వండి అన్నాను. ఈ మట్టికి ఎరుపు ఇనుము వల్లే వచ్చింది, ఇనుము రక్తానికి మంచిది. ఇంతకన్నా సహజమైన టానిక్ ఏ షాపులో దొరుకుతుంది?

తర్వాత పసుపు. ఎంత వెయ్యాలని అడక్కండి. గాయం కనబడకుండా పోయేదాకా వెయ్యాలి. కనబడని గాయం మానినట్టే లెక్క. నేను డబ్బా బోర్లించేసరికి ఎదురింటి బౌదీ (బెంగాలీ వదినగారు) బంతి ఆకులు నలిపి తెచ్చింది. వాళ్ల అత్తగారు గరికే నయమంది, అదీ నమిలి పెట్టాలంది. ఆవిడే నమిలింది. ఆవిడ తాంబూలం వేసుకునే మనిషి కనుక సున్నం, వక్క కూడా కలిసొచ్చాయి. చాచా తమ్ముడు ఆవనూనెలో వెల్లుల్లి వేయించి, వేడిగా ఉండగానే పోశాడు. గుర్రం ఇంకోసారి తన్నింది. మందు లోపలికి దిగుతోందనడానికి అదే గుర్తు అని అందరం ఒప్పుకున్నాం.

మా పల్లెల్లో దెబ్బలకి గడ్డిచామంతి ఆకు పిండుతారు. ఆ ఆకు మీద ఎలుకలతో పరిశోధనలు కూడా చేశారు. నేనూ వెతికాను. ఆ వేళప్పుడు దొరకలేదు కనుక దాదాపు అదే రంగులో ఉన్న ఇంకో ఆకు పిండాను.

కాలిన ఇంజనాయిలు చాలామందికి తట్టదు. ఈగలు వాలకుండా పైన నల్లగా ఒక పూత వెయ్యండి. అది సహజం కాదని కొందరు వాదిస్తారు. పెట్రోలియం ఎక్కణ్ణుంచి వస్తుంది నాయనా? భూమిలోంచి. మరి కందగడ్డ ఎక్కణ్ణుంచి వస్తుంది?

అన్నిటికీ పైన పేడ పట్టు. ఆవుపేడ కోసం పరిగెత్తక్కర్లేదు, గుర్రం దగ్గర గుర్రపు లద్దె ఉండనే ఉంటుంది. దాని ఒంట్లోంచి వచ్చింది దానికి పడదా? మందంగా పట్టించి, పాత చీరతో బిగించి కట్టాం. ఎంత బిగువంటే, వర్క్‌షాపులో నేను బిగించిన బోల్టు గుర్తొచ్చింది.

రోజూ కట్టు విప్పి చూడాలి. వచ్చిన ప్రతివాళ్లకీ చూపించాలి, చూసినవాళ్లు వేలితో నొక్కి చూడాలి. కోతి పుండు బ్రహ్మరాక్షసి అని సామెత ఉందని మా ఆవిడ గుమ్మంలోంచి అరిచింది. ఇది కోతి కాదు, గుర్రం అన్నాను.

మూడో వారానికి ఫలితం కనబడింది. గాయంలోంచి ఎర్రగా, గుజ్జుగా, దానిమ్మ గింజలు గుత్తి కట్టినట్టు కండ పొంగి చర్మాన్ని దాటి బయటికొచ్చింది. ముట్టుకుంటే రక్తం, కానీ గుర్రానికి నొప్పి లేదు. కొత్త కండ పడుతోందని చాచాకి మిఠాయి తినిపించాను. ఒకాయన మాత్రం అది దుర్మాంసం, మైలుతుత్తం పెట్టి కాల్చెయ్యాలన్నాడు. తూచడానికి త్రాసు కోసం వెతుకుతుండగా చాచా కూతురు సైకిలేసుకుని పోయి పశువుల డాక్టరమ్మని తీసుకొచ్చింది.

చిన్న వయసు, బెంగాలీ పిల్ల. కట్టు విప్పి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. మా ఒక్కొక్క పొరనీ పురావస్తు తవ్వకంలా తీసుకుంటూ పోయింది. "కాకూ, గుర్రానికి మోకాలి కింద కండ లేదు" అంది నాతో. చర్మం, స్నాయువుల తాళ్లు, ఎముక, అంతేనట. రక్తప్రసారం తక్కువట. అక్కడి గాయాన్ని కెలికితే, మురికి చేస్తే చర్మం మూసుకోదు, ఈ గుజ్జు పొంగుతుందట. అందులో నొప్పి తెలిసే నరాలుండవు కనుక కోసినా గుర్రానికి తెలియదట. అన్నట్టే చర్మం మట్టానికి కోసేసింది. గుర్రం ఈగని తోలుకున్నట్టు తోక ఊపిందంతే. కీలు దాకా తెగి జిగట నీరు కారి ఉంటే మొదటిరోజే పరుగెత్తాల్సిందని, అదృష్టమని చెప్పింది.

తర్వాత ఆవిడ చేసింది చూసి నాకు మతిపోయింది. లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో 9 గ్రాముల ఉప్పు! అలాంటివి సీసాలకి సీసాలు పోసి కడిగింది. దీనికా చదువు? ఉప్పు మా ఇంట్లో లేదా? ఆ ఒక్కటీ ఎవరికీ తట్టకపోవడం విచిత్రమే అనుకోండి.

లద్దె దగ్గర మాత్రం గొడవైంది. ధనుర్వాతం క్రిమి ఉండేదే మట్టిలో, లద్దెలో అట. పశువులన్నిట్లోకీ గుర్రానికే ఆ జబ్బు త్వరగా పట్టుకుంటుందట. దవడ బిగుసుకుని, చెవులు నిక్కబొడుచుకుని, నాలుగు కాళ్లూ బల్ల కోళ్లలా చాచి నిలబడి చచ్చిపోతుందట. "టీకా ఉందా?" అంది. చాచా నా వైపు చూడకుండా రేకు పెట్టెలోంచి ఒక కార్డు తీశాడు. ఏటేటా వేయిస్తున్నాడట! మాతో ఒక్క ముక్క అనలేదు. మూడు వారాలు మేం సహజ వైద్యం చేస్తుంటే లోపల ఇంగ్లీషు మందు దొంగతనంగా పని చేస్తోందన్నమాట.

సూదులు ప్రకృతికి విరుద్ధం కాదా అని గట్టిగానే అడిగాను. ఆవిడ నవ్వింది. ధనుర్వాతం క్రిమి విషానికి విరుగుడు రక్తంలోనే పుడుతుందని 1890లో బేరింగ్, కిటసాటో చూపించారట. ఆ తర్వాత మనుషుల కోసం ఆ విరుగుడుని గుర్రాల రక్తంలోంచే తీస్తూ వచ్చారట. అంటే గుర్రం ఒంట్లోంచి వచ్చింది మందే కదా! మరి లద్దె ఎక్కణ్ణుంచి వచ్చిందమ్మా అన్నాను. జవాబు లేదు. చేతులు కడుక్కుంటూ ఉండిపోయింది.

మెత్తగా దూది పొర వేసి కొత్త కట్టు కట్టి, తను తప్ప ఎవరూ విప్పకూడదని నన్నొక్కణ్ణే చూస్తూ చెప్పి వెళ్లింది. ఇప్పుడు గాయం అంచుల నుంచి లోపలికి చర్మం వస్తోందట. నేను చూడలేదు. నేను వెళ్తే చాచా కుర్చీ వేస్తాడు, టీ ఇప్పిస్తాడు. కుర్చీ గుర్రానికి అవతల గోడ దగ్గర వేస్తాడు. నిన్న చేతిలో డబ్బాతో కాస్త ముందుకి జరిగానో లేదో, గుర్రం బాగున్న కాలు కూడా పైకెత్తింది.

వచ్చేటప్పుడు బౌదీ వాళ్ల మేక కుంటుతూ కనబడింది. గోల్‌బజార్ వెళ్లి కిలో పసుపు తెచ్చుకున్నాను.