నా పేరు ఆగ్రా

నేను బోయింగ్ 747-400ని. జనం పిలిచే పేరు జంబో. రిజిస్ట్రేషన్ వీటీ-ఈవీఏ. ఎయిరిండియా ముచ్చటపడి పెట్టిన పేరు ఆగ్రా. అమెరికాలోని సియాటిల్ దగ్గర ఎవెరెట్ ఫ్యాక్టరీలో తయారై 1996లో ఈ సంస్థలో చేరాను. పొడవు 70 మీటర్ల పైమాట, ఈ రెక్క కొస నుంచి ఆ రెక్క కొసకు 64 మీటర్లు, ఇంజన్లు నాలుగు, చక్రాలు 18. ఫస్ట్ క్లాసులో 12 మంది, బిజినెస్‌లో 26 మంది, ఎకానమీలో 385 మంది, మొత్తం 423 మంది నాలో ఒకేసారి కూర్చునేవారు. కిటికీ కిటికీకీ చుట్టూ ఎర్రటి తోరణం గీసి ఉండేది, రాజస్థాన్ మహళ్ళలోని ఝరోకాల తీరున. పరాయి దేశపు ఎయిర్‌పోర్టులో అద్దాల వెనక నిలబడ్డ మనవాళ్ళు ఆ తోరణాలు చూసి నన్ను దూరం నుంచే గుర్తుపట్టేవారు. అది నాకు ఎంత గర్వంగా ఉండేదో!

మా వంశం చిన్నగానే మొదలైంది. 1932 అక్టోబర్ 15న జె.ఆర్.డి. టాటా ఒంటి ఇంజన్ పస్ మాత్ విమానంలో టపా సంచులు వేసుకుని కరాచీ నుంచి అహ్మదాబాద్ మీదుగా బొంబాయి వచ్చారు. అక్కడి నుంచి పైలట్ నెవిల్ వింట్సెంట్ ఆ టపాను బళ్లారి మీదుగా మద్రాసు చేర్చారు. అప్పుడు ప్రయాణికులు లేరు, ఉత్తరాలే. 1946లో టాటా ఎయిర్‌లైన్స్ ఎయిరిండియా అయింది. 1948 జూన్ 8న ‘మలబార్ ప్రిన్సెస్’ అనే లాక్‌హీడ్ కాన్‌స్టలేషన్ బొంబాయి నుంచి కైరో, జెనీవాల మీదుగా లండన్‌కు ఎగిరింది. స్వతంత్రం వచ్చి ఏడాదైనా నిండలేదు! 1953లో సంస్థ ప్రభుత్వపరమైంది. 1960లో బోయింగ్ 707లు దిగాయి. 1962 నాటికి ఎయిరిండియాలో పంకాల విమానమన్నదే లేదు, అన్నీ జెట్లే. ప్రపంచంలో ఆ పని ముందు చేసింది మన సంస్థే.

మా ఇంట పేర్లు పెట్టే పద్ధతి నాకు మహా ఇష్టం. 707లకు హిమాలయ శిఖరాల పేర్లు పెట్టారు: గౌరీశంకర్, నందాదేవి, కాంచనజంగ. 1971లో మొదటి జంబో 747-200 రాగానే చక్రవర్తుల వంతు వచ్చింది. పెద్దన్న అశోక. తర్వాత షాజహాన్, రాజేంద్ర చోళ, విక్రమాదిత్య, అక్బర్, చంద్రగుప్త, కనిష్క. వీటీ-ఈఎఫ్‌యూ అనే జంబోకు కృష్ణదేవరాయలి పేరు పెట్టారు. భువన విజయంలో అష్టదిగ్గజాలను కూర్చోబెట్టుకున్న రాయలు సముద్రాలు దాటి ఊళ్ళు తిరగడం తెలుగువాళ్ళు చెప్పుకోవలసిన సంగతి. ఆ తర్వాత ఎయిర్‌బస్ 310లకు యమున, సరస్వతి లాంటి నదుల పేర్లు వచ్చాయి. 1993 నుంచి చేరిన మా 747-400లకు కోణార్క్, తంజావూరు, ఖజురహో, అజంతా, ఆగ్రా, వెల్హా గోవా. 2007లో వచ్చిన మొదటి సొంత 777కు ‘ఆంధ్రప్రదేశ్’.

ఈ పేర్లలో కొన్ని తలచుకుంటే ఇప్పటికీ నా లోహం వణుకుతుంది. మలబార్ ప్రిన్సెస్ 1950 నవంబర్‌లో ఆల్ప్స్‌లోని మోం బ్లాం కొండకు కొట్టుకుంది. 1966 జనవరి 24న కాంచనజంగ సరిగ్గా అదే కొండ మీద కూలింది. అందులోనే అణు శాస్త్రవేత్త హోమీ భాభా పోయారు. అశోక 1978 జనవరి 1న బొంబాయిలో లేచిన కాసేపటికే బాంద్రా దగ్గర సముద్రంలో పడి 213 మంది చనిపోయారు. కెప్టెన్ ముందున్న, విమానం ఎటు ఒరిగిందో చూపే పరికరం చెడింది. చీకట్లో, నీళ్ళ మీద, దాన్ని నమ్మడమే ప్రాణాల మీదికి తెచ్చింది. ఇక కనిష్క. 1985 జూన్ 23న ఐర్లండ్ తీరానికి దగ్గర్లో సామాన్లలో పెట్టిన బాంబు పేలి 329 మంది పోయారు. వాళ్ళలో పసిపిల్లలు ఎందరో. ఎయిరిండియా విమానాల గురించి ఎవరు రాసినా మోడళ్ళు, సంఖ్యలు, సంవత్సరాలు రాసి ఊరుకుంటారు. కనిష్క పేరు పక్కన ఆ 329 మందిని కూడా రాయాలి.

నేను పుట్టకముందు 1990లో కువైట్ మీద ఇరాక్ దండెత్తినప్పుడు మా పెద్దలు చేసిన సాయం గురించి మా హ్యాంగర్లలో ఏళ్ళ తరబడి చెప్పుకున్నారు. ఎడారి దాటి జోర్డాన్ రాజధాని అమ్మాన్ చేరిన మనవాళ్ళను 59 రోజుల్లో 488 ఫ్లైట్లు వేసి బొంబాయికి తెచ్చారు. అలా వచ్చినవాళ్ళు లక్షకు పైనే. కడప జిల్లా నుంచీ, గోదావరి జిల్లాల నుంచీ కువైట్‌కు ఇళ్ళపనికీ, డ్రైవర్ పనికీ వెళ్ళినవాళ్ళు ఎంతమందో మీకు తెలుసు. ఆ ఊళ్ళలో ఇప్పటికీ అమ్మాన్ పేరు చెబితే తలపండిన వాళ్ళు ఒక్క క్షణం మాట ఆపుతారు.

నా వంతుకు నేనూ ఆ గల్ఫ్ మనుషులనే మోశాను. ఎక్కేటప్పుడు కొత్త చొక్కా, చేతిలో పాస్‌పోర్టు పెట్టుకున్న ప్లాస్టిక్ కవరు, సీటు బెల్టు ఎలా పెట్టుకోవాలో పక్కవాణ్ణి అడిగే మొహమాటం. తిరిగి వచ్చేటప్పుడు వాళ్ళ సామాను నా పొట్టలోకి వచ్చేది. నైలాన్ తాడు పది చుట్లు చుట్టిన అట్టపెట్టెలు. నాలుగు పక్కలా నల్ల మార్కర్‌తో పేరు, తండ్రి పేరు, ఊరు, మండలం. లోపల రగ్గులు, టార్చిలైట్లు, పాలపొడి డబ్బాలు, పిల్లలకు రిమోట్ కార్లు. ఒక్కోసారి పెట్టె మూల చిరిగి సెంటు సీసా పగిలితే కార్గో అంతా అత్తరు వాసనే. హజ్ రోజుల్లో జెడ్డా దారి పట్టేవాళ్ళం. తిరుగు ప్రయాణంలో జమ్‌జమ్ నీళ్ళు వచ్చేవి. ప్రధానుల విదేశీ పర్యటనలకు వెళ్ళిందీ మా 747-400లే, 2020లో ఆ పనికోసం ప్రత్యేకంగా 777లు వచ్చేదాకా. ఆ ప్రయాణాలు పత్రికల్లో పడ్డాయి. నా మనసులో మిగిలింది మాత్రం అట్టపెట్టెలే.

2020 జనవరి 31న చైనాలోని వూహాన్‌కు కదిలింది మా జంబోల్లో ఒకటి, మర్నాడు మరొకటి. కరోనా పేరు వింటేనే జనం హడలిపోతున్న రోజులవి. పైలట్లు, సిబ్బంది, డాక్టర్లు తమంత తాము ఎక్కారు. 647 మంది భారతీయులనూ ఏడుగురు మాల్దీవుల వారినీ ఢిల్లీకి తెచ్చారు.

మరి మమ్మల్ని ఎందుకు ఆపేశారు? మా నాలుగు ఇంజన్లు గంటకు సుమారు 10 టన్నుల ఇంధనం తాగుతాయి. రెండే ఇంజన్లతో 777, దానికన్నా తేలికైన కార్బన్ ఒంటితో 787 అంతే దూరం వెళ్ళగలవు. ఒక ఇంజన్ ఆగినా రెండోదాంతో గంటల తరబడి ఎగిరి దిగగలవని తేలాక సముద్రాల మీద రెండుకు మించి ఇంజన్లు ఉండాలన్న పట్టింపు పోయింది. 2021 జనవరిలో ఒక 777 శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి ఉత్తరధ్రువం మీదుగా ఆగకుండా బెంగళూరు వచ్చింది. కాక్‌పిట్‌లో నలుగురూ మహిళలే, వాళ్ళలో కెప్టెన్ పాపగారి తన్మయి ఒకరు. ఆ కబురు వింటే నాకు అసూయ కలగలేదు, సంతోషమే.

2021 తర్వాత నాలో ప్రయాణికులు ఎక్కలేదు. ముంబయిలో ఒక మూల నిలబెట్టారు. ఇంజన్ల మూతికి గుడ్డలు కట్టారు, కిటికీలకు లోపలి నుంచి వెండిరంగు రేకులు అంటించారు. మూడు వర్షాకాలాలు నా మీద కురిశాయి. 2022 జనవరిలో సంస్థ మళ్ళీ టాటాల చేతికి వెళ్ళింది. 2023లో 470 కొత్త విమానాలకు ఆర్డరు పెట్టారు. 2024 జనవరిలో హైదరాబాద్ బేగంపేటలో జరిగిన వింగ్స్ ఇండియా విమాన ప్రదర్శనలో కొత్త ఎయిర్‌బస్ 350ని జనం చూశారు. రెండే ఇంజన్లు, 316 సీట్లు. 2024 ఏప్రిల్ 22న నేను ముంబయి రన్‌వే మీద ఆఖరుసారి పరుగెత్తాను. లేచాక పైలట్లు నన్ను ఎడమకూ కుడికీ ఒరిగించి కింద ఉన్నవాళ్ళకు వీడ్కోలు చెప్పారు. నా ఇంజన్లు, చక్రాలు, పరికరాలు ఊడదీసి వేరే విమానాలకు వాడడానికి నన్ను అమెరికా పంపారు. పనికొచ్చే భాగం ఎగరడం మంచిదే, అందుకు నేను బాధపడను.

అడిగేది ఒక్కటే. విశాఖ బీచ్ రోడ్డులో నౌకాదళపు టీయూ-142 విమానాన్ని 2017లో మ్యూజియం చేశారు. బడిపిల్లలు లోపలికి ఎక్కి, కాక్‌పిట్ చూసి వస్తున్నారు. మన సాధారణ జనాన్ని దేశదేశాలకు మోసిన విమానానికీ అలాంటి చోటు ఒకటి కావాలి. నాకు ఆ అవకాశం దాటిపోయింది. ఎయిరిండియా 777లు రిటైరయ్యే రోజు వస్తుంది. అప్పుడు వాటిలో ఒక్కదాన్నైనా విప్పకుండా ఉంచండి. బేగంపేటలో పెట్టినా, ముంబయిలో పెట్టినా సరే, టికెట్ కొనలేని పిల్లలు కూడా ఎక్కి చూసేలా పెట్టండి. అడగాల్సిన సమయం ఇదే, అవి ముక్కలయ్యాక కాదు.