పెరగని కొడుకులు

డిగ్రీ స్టాటిస్టిక్స్ క్లాసులో ఎనిమిది మంది తండ్రులుంటారు. ఎత్తులు అంగుళాల్లో 65, 66, 67, 67, 68, 69, 70, 72. వాళ్లకు తలా ఒక కొడుకు: 67, 68, 65, 68, 72, 72, 69, 71. గుప్తా-కపూర్ పుస్తకం పట్టినవాళ్లందరికీ వీళ్లు చుట్టాలే. లెక్క చేసినవాళ్లకు మనవలు కూడా పుట్టారు గానీ ఈ కుర్రాళ్లు మాత్రం అంగుళం పెరగలేదు. సహసంబంధ గుణకం 0.603. జవాబు కింద రెండు గీతలు కొడితే మార్కులు పడిపోతాయి.

ఆ 0.603ను నమ్మొచ్చా? ఈ ప్రశ్నకు మార్కుల్లేవు కనుక ఎవరూ అడగరు. కొన్నాళ్లకు టీ-పరీక్ష పాఠం వస్తుంది. అప్పుడైనా దాన్ని ఈ ఎనిమిది జంటల మీద పెట్టి చూస్తే విలువ 1.85 దగ్గర ఆగిపోతుంది. 5 శాతం స్థాయిలో పట్టిక అడిగేది 2.447. అంటే తండ్రి పొడుగైతే కొడుకూ పొడుగని చెప్పడానికి ఈ నమూనా చాలదు! సహసంబంధ గుణకం సూత్రానికి పేరిచ్చిన కార్ల్ పియర్సన్ మాత్రం వెయ్యికి పైగా తండ్రీకొడుకుల జంటల కొలతలు దగ్గర పెట్టుకుని మాట్లాడాడు. మనవాళ్లకు ఎనిమిది చాలు. టీ-పరీక్ష వేరే యూనిట్ కదా, రెండింటినీ కలిపి ఆలోచిస్తే సిలబస్ మైలపడుతుంది.

ఇక ప్రాక్టికల్స్. టేపు పట్టరు, ఎవర్నీ కొలవరు. సీనియర్ రికార్డు చూసి జూనియర్ రాస్తాడు, అంతే.

వెనకబడిన పిల్లలకు సాయం లేదనుకుంటే పొరపాటు. కాలేజీ గేటు ఎదురుగా జిరాక్స్ షాపుంది. ఎవరో బుద్ధిమంతుడు అయిదేళ్ల ప్రశ్నపత్రాలు పోగేసి, ఏ ప్రశ్న ఎన్నిసార్లు వచ్చిందో లెక్కగట్టి, ఈసారి ఏది వస్తుందో అంచనా వేసి ‘ఇంపార్టెంట్ ప్రశ్నలు’ అమ్మిస్తుంటాడు. దత్తాంశ సేకరణ, పౌనఃపున్యం, సంభావ్యత, అన్నీ అందులోనే ఉన్నాయి. కోర్సు మొత్తంలో నిజంగా జరిగే గణాంక విశ్లేషణ అదొక్కటే. దానికి మార్కులివ్వరు.

మరి ఇలాంటి విశ్లేషణ క్లాసులో ఎందుకు నేర్పరంటే, ‘మన పిల్లలకు మ్యాథ్స్ బేస్ లేదండీ’ అంటారు. న్యూయార్క్‌లోనూ ఇదే పాట ఉండేది. 2013లో అక్కడి సిటీ యూనివర్సిటీ మూడు కమ్యూనిటీ కాలేజీల్లో, ఆల్జీబ్రా పునాది లేదని తేలిన విద్యార్థుల్ని లాటరీ పద్ధతిలో విడదీసింది. కొందర్ని యథాప్రకారం ఆల్జీబ్రాకు పంపింది. కొందర్ని నేరుగా స్టాటిస్టిక్స్‌లో కూర్చోబెట్టి, వారం వారం వర్క్‌షాప్ పెట్టింది. ఆల్జీబ్రా వాళ్లలో గట్టెక్కింది సుమారు 39 శాతం, స్టాటిస్టిక్స్ వాళ్లలో 56.

ఈ సంగతి స్టాఫ్‌రూమ్‌లో ఎత్తితే, ‘అది అమెరికా అండీ’ అంటారు. పోనీ ఇక్కడే చీటీలు వేసి చూద్దామంటే, ముందు సిలబస్ పూర్తి కానివ్వమంటారు.