పార్వతీశంలో నీతి ఏంటండీ?

ఏప్రిల్ 23న బడి గంట చివరిసారి మోగిందంటే మళ్ళీ జూన్ 12 దాకా పిల్లలు మనవాళ్ళే అనుకునే కాలం ఒకటుండేది. ఇప్పటి ప్రైవేటు బళ్ళు పిల్లల్ని ఊరికే ఇంటికి పంపవు. వెంట ఒక కాయితం పెట్టి పంపుతాయి. మా అమ్మాయి ఎనిమిది పాసై తొమ్మిదిలోకి వచ్చిన ఏడు ఆ కాయితం నెత్తిన ‘వేసవి పఠనం’ అని రాసి ఉంది. కింద పుస్తకాల జాబితా. బుడుగు, బారిస్టర్ పార్వతీశం, అమరావతి కథలు, రైలుబడి, కలాం గారి ‘ఒక విజేత ఆత్మకథ’, ఇలా సాగింది. జాబితా రాసిన తెలుగు మేడమ్ ఎవరో గాని రుచి తెలిసిన మనిషి. నాకు ఆవిడతో తగాదా లేదు. తగాదా అంతా ఆ కాయితం వెనక అచ్చేసిన పట్టికతో. ప్రతి పుస్తకానికీ రచయిత పేరు, పేజీల సంఖ్య, నచ్చిన పాత్ర, కొత్త మాటలు పది, చివర్న నీతి. నీతి పక్కన బ్రాకెట్లో ‘తప్పనిసరి’ అని.

సాయంత్రానికల్లా తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపు భగ్గుమంది. ‘పీడీఎఫ్ ఎవరి దగ్గరైనా ఉందా అండీ?’ అని ఒకరు మొదలుపెట్టారు. ‘పార్వతీశం మూడు భాగాలంట. మూడూ చదవాలా, ఒకటి చాలా?’ అని ఇంకొకాయన. ‘మా బాబుకి ఐఐటీ ఫౌండేషన్ పొద్దున ఆరింటికే మొదలు. వాడి బదులు నేను చదివితే ఒప్పుకుంటారా?’ అని మా ఎదురు ఫ్లాటావిడ. అందరూ నవ్వే బొమ్మలు పెట్టారు. ఆవిడ నవ్వులాటకి అడగలేదని తర్వాత తెలిసింది. ‘ఎందుకండీ ఈ గొడవంతా, సినిమా చూపించేద్దాం’ అన్నాడొక తండ్రి. పార్వతీశం సినిమాగా వచ్చిన మాట నిజమే, 1940లో. ఆయన యూట్యూబంతా గాలించి రాత్రి పదకొండింటికి ‘దొరకలేదండీ’ అని విచారం ప్రకటించాడు. ఆ వెతికే టైములో పార్వతీశం మొగల్తూరు వదిలి మద్రాసు చేరిపోయేవాడు.

పుస్తకాలు కొనడానికి నేను బయల్దేరాను. బెజవాడలో పుస్తకాల పండగ జనవరిలో పెడతారు, హాయిగా చలికోటేసుకుని తిరగొచ్చు. బళ్ళవాళ్ళు మాత్రం పుస్తకాలు మే నెలలో చదవమంటారు. మే నెల మధ్యాహ్నం ఏలూరు రోడ్డు మీద నడిచేవాడికి సాహిత్యం మీద ప్రేమ ఉండి తీరాలి, లేదా పేరెంట్స్ గ్రూపులో మాట పడిన వాడై ఉండాలి. షాపులో కుర్రాడు నన్ను చూడగానే ‘జాబితానా సార్?’ అన్నాడు. అప్పటికే పార్వతీశం అయిపోయింది. ‘రెండు వందల మంది పిల్లలకి ఒకటే జాబితా ఇస్తే మేమేం చేస్తాం సార్’ అని నన్నే అడిగాడు.

సరే, గ్రంథాలయం ఉంది కదా అనుకున్నాను. మనం కట్టే ఇంటి పన్నులో రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ పన్నని చాలామందికి తెలియదు. చదివినా చదవకపోయినా కట్టాల్సిందే. ఏళ్ళ తరబడి కట్టిన ఆ ఎనిమిది పైసల్ని ఇవాళ వసూలు చేసుకుందామని వెళ్ళాను. లోపల ఇసకేస్తే రాలని జనం. నాకు కళ్ళు చెమర్చాయి. తీరా చూస్తే అందరూ ఉద్యోగ పరీక్షలకి చదువుకునేవాళ్ళు. ఎవరి పుస్తకాలు వాళ్ళే తెచ్చుకున్నారు. గ్రంథాలయానివి రెండే కావాలి వాళ్ళకి, కుర్చీ, ఫ్యాను. కథల బీరువాకి అడ్డంగా ఒక డీఎస్సీ అమ్మాయి కుర్చీ ఉంది. ఆ అమ్మాయి లేస్తే గాని బీరువా తెరుచుకోదు. నోటిఫికేషన్ వస్తే గాని ఆ అమ్మాయి లేవదు.

మా రోజుల్లో... అని ఇక్కడ మొదలుపెట్టక తప్పదు. నా వయసువాళ్ళకి రాజ్యాంగం రాయకుండా ఇచ్చిన హక్కు అది.

నేను హైస్కూలు చదివింది తెనాలిలో. చందమామ పెట్టిన చక్రపాణి గారిదీ, దాన్ని ఏళ్ళ తరబడి నడిపిన కొడవటిగంటి కుటుంబరావు గారిదీ మా ఊరేనని మాకు మహా గర్వం. అయితే తొమ్మిదో తరగతికి వచ్చాక చందమామ చదవడమంటే అప్పుడే మొలుస్తున్న మీసాలకి అవమానం. అందుకని దాన్ని చెల్లెలి కోసం తెచ్చేవాళ్ళం. చెల్లెళ్ళు లేనివాళ్ళు పక్కింటివాళ్ళ చెల్లెలి కోసం తెచ్చేవాళ్ళు.

మాకు జాబితా ఎవరూ ఇవ్వలేదు. ఇంట్లో ఏవి వద్దన్నారో అవే మా జాబితా. అవన్నీ అద్దె పుస్తకాల షాపులో దొరికేవి. ఆ షాపాయన ఒక్క పుస్తకమైనా చదవగా నేను చూడలేదు, కానీ ఏ నవలకి చివరి పేజీ ఉందో, దేనికి లేదో ఆయనకి కంఠతా వచ్చు. చివరి పేజీ లేనివాటికి అద్దె తక్కువ. మా దగ్గర ఉండే డబ్బులకి అవే వచ్చేవి. కాబట్టి కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్ అందర్నీ ఒక గదిలో కూర్చోబెట్టి హంతకుడి వైపు వేలు చూపించబోయే సరికి పుస్తకం అయిపోయేది. మిగతా పని మాది. నిండు పుస్తకాలతో ఇంకో చిక్కు. నాకంటే ముందు అద్దెకి తీసుకున్న మహానుభావుడెవడో మొదటి పేజీలోనే పెన్సిలుతో ‘చంపింది తమ్ముడే’ అని రాసి పెట్టేవాడు. ఒకసారి దాని కింద ఇంకెవడో ‘కాదు, నమ్మకండి, వంటవాడు’ అని రాశాడు. చదివితే తమ్ముడూ కాదు, వంటవాడూ కాదు. తెలుగు సాహిత్యంలో అంత గొప్ప విమర్శ నేను మళ్ళీ చూడలేదు.

మధుబాబు గారి షాడో నవలలు దాచుకోవడానికి అందరూ సోషల్ పుస్తకం వాడేవాళ్ళు. అది పాతబడిన పద్ధతి, ప్రతి నాన్నకీ తెలుసు. నేను అట్లాసు వాడేవాణ్ణి. అట్లాసు వెనక ఏదైనా పడుతుంది. పైగా అందులో అబద్ధమేమీ లేదు. షాడో కూడా కులకర్ణి గారు పిలవగానే దేశాలు పట్టుకు తిరిగేవాడే. మా నాన్న ఒకరోజు అట్లాసు లాగి చూసి, చెవి మెలేసి, పుస్తకం పట్టుకుపోయారు. ఇలాంటి చెత్త ఇంట్లో కనపడకూడదన్నారు. నేను నలభయ్యో పేజీలో గుర్తుగా పెట్టుకున్న బస్సు టిక్కెట్టు తెల్లారేసరికి నూట పన్నెండో పేజీలో ఉంది.

అమ్మది వేరే గ్రంథాలయం. వారపత్రికల్లోంచి సీరియళ్ళు చింపి, సూది దారంతో కుట్టి, పాత క్యాలెండరు అట్ట వేసేది. అవి చదివితే కథతో పాటు వెనక పేజీలు కూడా వచ్చేవి. సగం వంటకం, సగం వారఫలం, సగం జోకు. నాకు ఇప్పటికీ గుత్తి వంకాయ కూరలో మసాలా కూరే దాకా వచ్చు. ఆ తర్వాత ఏం చెయ్యాలో తెలియదు. యండమూరి గారి తులసిదళం నేను అలా కుట్టిన పుస్తకంలోనే చదివాను, డాబా మీద మంచమేసుకుని, ఒక్కణ్ణీ, చీకటి పడేదాకా. ఆ తర్వాత కొన్నాళ్ళు పెరట్లో తులసికోట పక్కనుంచి పోవాలన్నా కాళ్ళు వణికేవి. మా నాయనమ్మ మాత్రం ‘వీడికి భక్తి ఎక్కువైంది, తులసమ్మ దగ్గర ఎలా పరిగెత్తుతున్నాడో, ప్రదక్షిణలు కాబోలు’ అని మురిసిపోయేది.

ఆ పుస్తకాల్లో చాలా భాగం చెత్తేనని ఇప్పుడు ఒప్పుకోవడానికి నాకేం అభ్యంతరం లేదు. మా నాన్న తీర్పు సరైనదే, కాకపోతే ఆయన కూడా పూర్తిగా చదివాకే చెప్పారు. వాటి తర్వాతే మేం ఎవరూ చెప్పకుండా చలం దగ్గరికీ, రావిశాస్త్రి దగ్గరికీ పోయాం. చలాన్ని దాచడానికి మాత్రం అట్లాసు చాలలేదు.

మళ్ళీ మా అపార్టుమెంటుకి వస్తాను. మే రెండో వారానికి పరిస్థితి ఏమిటంటే, పిల్లలు కోచింగులకి పోతున్నారు, పెద్దలు చదువుతున్నారు. మొత్తం బిల్డింగుకి ఒకటే పార్వతీశం దొరికింది, మూడో అంతస్తు బ్యాంకు మేనేజరు గారి మావగారిది. అది అంతస్తులవారీగా తిరిగింది. లిఫ్టులో పెద్దవాళ్ళు ‘ఎక్కడున్నారండీ?’ అంటే ‘ఓడ ఎక్కాను’ అనేవాళ్ళు. బుడుగు విషయంలో అందరికీ ఒకటే ఇబ్బంది. ప్రైవేటు మాస్టర్ల పాలిట పడి, వాళ్ళ గుట్టంతా చెప్పేసే పిల్లాడి పుస్తకాన్ని పట్టుకుని, పది కొత్త మాటలు ఏరి, నీతి రాయమంటే ఎట్లా? ముళ్ళపూడి వారు ఉంటే దీని మీదే ఇంకో బుడుగు రాసేవారు.

మా ఆవిడ వంతుకి రైలుబడి వచ్చింది. రాత్రి ఒంటిగంటకి నన్ను లేపింది.

‘ఏవండీ, ఈ బడిలో పిల్లలు ఏ పాఠం ముందు చదువుకోవాలో వాళ్ళే చూసుకుంటారటండీ. మన దానికి సీటొస్తుందా?’

‘టోక్యోలో ఉండేది. 1945లో బాంబులు పడి కాలిపోయింది.’

‘మంచివన్నీ ఇంతే,’ అని దుప్పటి కప్పుకుంది.

ఇక పెద్ద తగువు పార్వతీశం దగ్గర. దొరసానుల టోపీ కొని, అది తనదేననుకుని నెత్తిన పెట్టుకుని ఊరేగిన మనిషి కథలో నీతి ఏమిటి? ఆదివారం సాయంత్రం మేడ మీద దీని గురించి సభ జరిగింది. ‘పెద్దలకి చెప్పకుండా సీమకి పోరాదు’ అన్నారు బ్యాంకు మేనేజరు గారు. వాళ్ళబ్బాయి అమెరికా వీసా పనుల్లో ఉన్నాడు. ‘వస్తువు కొనేముందు పదిమందినీ అడగాలి’ అంది ఎదురు ఫ్లాటావిడ. ‘చదువుకి వయసుతో పని లేదు’ అన్నాడు సినిమా కోసం వెతికిన తండ్రి. ఆయన ఇంకా మొదటి పేజీ తెరవలేదు. 1924లో మొదటి భాగం అచ్చయినప్పటి నుంచీ ఇంతమంది ఒకచోట చేరి ఆ పుస్తకంలో నీతి కోసం వెతికి ఉండరు. మొక్కపాటి వారు వింటే మళ్ళీ ఓడెక్కేసేవారు.

ఇంత జరుగుతుంటే మా అమ్మాయి మాత్రం బుద్ధిగా బుడుగు చదువుతోంది. పొద్దున బుడుగు, మధ్యాహ్నం బుడుగు. ఎన్నిసార్లు చదివినా తనివి తీరని పుస్తకమే కాబట్టి నేను అనుమానించలేదు. ఒక రాత్రి కరెంటు పోయింది. చీకట్లో అది బుడుగు చదువుతూనే ఉంది. బుడుగు చదివేవాళ్ళ మొహం వెలగడం మామూలే గాని, నీలంగా వెలగదు.

‘ఏం చదువుతున్నావే?’

‘బుడుగు నాన్నా.’

‘బుడుగులో గజ్జెల చప్పుడు వస్తుందా?’

నా గొంతుకి ఉలిక్కిపడి ఫోను వదిలేసింది. ఏదో కథల యాప్‌లో దయ్యాల సీరియలు. రాసినవాడికి హ్రస్వాలూ దీర్ఘాలూ పట్టవు. నూట ఎనభై భాగాలు నడిచింది, ఇంకా నడుస్తోంది. ‘అమ్మకి చెప్పకు నాన్నా’ అంది. ఇది ఎంత నాసిరకమో తెలియాలంటే నేను కొంచెం చూడాలి కదా అన్నాను. కరెంటు వచ్చే సరికి ఇరవయ్యో భాగంలో ఉన్నాను. కథలో ఒక అపార్టుమెంటు లిఫ్టు అర్ధరాత్రి దానంతటదే ఐదో అంతస్తుకి వెళ్ళి తలుపు తెరుస్తుంది. మాదీ ఐదో అంతస్తే. మర్నాటి నుంచి మెట్లెక్కి వస్తుంటే, మా ఆవిడ ‘షుగరు గురించి ఇన్నాళ్ళకి భయం పుట్టింది’ అని సంతోషించింది.

జూన్ 11 రాత్రి అన్ని ఫ్లాట్లలోనూ లైట్లు తెల్లవార్లూ వెలిగాయి. తల్లిదండ్రులు చెబుతుంటే పిల్లలు తమ దస్తూరితో రాశారు. పార్వతీశం నా వంతు. నీతి దగ్గర చాలాసేపు ఆలోచించి, ‘ఇందులో నీతి లేదు, నవ్వు ఉంది’ అని చెప్పాను. ‘ఇలా రాస్తే మార్కులు పోతాయి’ అంది మా అమ్మాయి. సాహిత్యం విషయంలో రాజీ పడనన్నాను.

వారం తర్వాత పట్టికలు దిద్ది ఇచ్చారు. బ్యాంకు మేనేజరు గారికి ఏ ప్లస్. ఎదురు ఫ్లాటావిడకి ఏ ప్లస్, పక్కన నక్షత్రం కూడా. పుస్తకం తెరవని తండ్రికి సైతం ఏ. నాకు బి. నా వాక్యం కింద ఎర్ర సిరాతో గీత గీసి, ‘నీతి రాయలేదు, మళ్ళీ చదివించండి’ అని ఉంది.

మా ఆవిడ ఆ కాయితాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. ‘ఎదురింటావిడ ఖాళీగానే ఉంటున్నారటండీ. సాయంత్రాలు ఒక గంట ప్రైవేటు చెప్పించుకోకూడదూ?’