టేబుల్ మారింది, లైబ్రరీ వెంట వచ్చింది

నేనొక కంప్యూటర్‌ని. తెర, డబ్బా, కీబోర్డు, మౌసు వేటికవి విడిగా ఉండే పాత తరహా మనిషిని. జంషెడ్‌పూర్‌లో ఓ కాలేజీ లైబ్రరీలో చాలా ఏళ్లు పనిచేశాను. ఇప్పుడు అగ్రికోలో ఓ తెలుగువాళ్ల క్వార్టర్లో కిటికీ పక్కన ఉంటున్నాను.

అగ్రికో అంటే పారలు, గునపాలు. టాటావాళ్లు 1925 నుంచి ఆ పేరుతోనే వ్యవసాయ పనిముట్లు అమ్ముతున్నారు, ఆ పేరే ఈ పేటకీ వచ్చింది. ఒకవైపు సిద్‌గోడా, ఇంకోవైపు భాలూబాసా, షేర్ ఆటో ఎక్కితే కాసేపట్లో సాక్చీ. ఈ ఊళ్లో తెలుగువాళ్లు కొత్తగా వచ్చినవాళ్లు కారు. 1912లో ఇక్కడ మొదటి ఉక్కు పోసిన కాలం తర్వాత శ్రీకాకుళం వైపు ఊళ్ల నుంచి ‘టాటా’కి పనికొచ్చినవాళ్ల మనవలు, మునిమనవలు వీళ్లు. బిష్టుపూర్‌లో రామమందిరం కట్టుకున్నారు, కదమాలో ఆంధ్రా అసోసియేషన్ పెట్టుకున్నారు. ఇంట్లో తెలుగు మాట్లాడతారు. చదువు మాత్రం హిందీలోనో ఇంగ్లీషులోనో. నా యజమానురాలు, అంటే ఈ ఇంటి అమ్మాయి, తెలుగు గడగడా మాట్లాడుతుంది కానీ మొన్నమొన్నటి దాకా అక్షరం చదవలేకపోయేది.

లైబ్రరీలో నన్ను తలుపు దగ్గరే పెట్టారు. పుస్తకాల జాబితాలో వెతికిపెట్టడం నా పని. దాన్ని అందరూ ఓపాక్ అనేవాళ్లు. నా పక్కనే చిన్న చిన్న సొరుగుల చెక్క బీరువా ఉండేది, ఒక్కో సొరుగులో మధ్యలో చిల్లున్న కార్డులు, వాటిలోంచి దూర్చిన ఇనుప చువ్వ. నేను వచ్చాక దాని దగ్గరికి వెళ్లేవాళ్లు తగ్గిపోయారు. రచయిత పేరో, పుస్తకం పేరులో ఒక మాటో కొడితే చాలు, పుస్తకం ఏ బీరువాలో ఉందో, ఎవరైనా తీసుకెళ్లారో, ఎప్పుడు తిరిగిస్తారో చెప్పేదాన్ని. ఒకరు తీసుకెళ్లిన పుస్తకం నాకు కావాలని రాసిపెట్టుకునే వీలు కూడా ఉండేది. అది తెలిసినవాళ్లు తక్కువ.

ఆ కాలేజీలోనే చదువుతున్న ఈ ఇంటి అమ్మాయి ఒకరోజు నా ముందు కూర్చుని తెలుగు పుస్తకాలున్నాయా అని వెతికింది. డ్యూయీ వర్గీకరణలో తెలుగు సాహిత్యానికి 894.827 అనే అంకె ఉంది. ఆ అంకె కింద చూపడానికి నా దగ్గర ఒక్క పుస్తకమూ లేదు. ‘ఫలితాలు లేవు’ అని చూపించడం నా పనిలో భాగమే, అయినా ఆ అమ్మాయి ముఖం చూశాక ఆ మాట చూపించడం నాకు కష్టంగానే అనిపించింది. ఇంత ఊళ్లో ఇంతమంది తెలుగువాళ్లున్నారు కదా అని.

పక్క టేబుల్ నుంచి లైబ్రేరియన్ మేడం లేచి వచ్చింది అప్పుడే. “బీరువాలో లేనంత మాత్రాన లైబ్రరీలో లేదనుకోకు, జరుగు” అంటూ నా కీబోర్డు తన వైపు లాక్కుంది.

ఎన్-లిస్ట్ అని ఒక ఏర్పాటుంది. గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ కేంద్రం 2010 నుంచి నడుపుతోంది. నేను లైబ్రరీలో ఉన్న రోజుల్లో ప్రభుత్వ కాలేజీ, ఎయిడెడ్ కాలేజీ అయితే ఏడాదికి 5,900 రూపాయలు కడితే సరిపోయేది. ఆరు వేలకు పైగా పత్రికలు, లక్షకు పైగా ఇ-పుస్తకాలు ఆ కాలేజీ పిల్లలందరికీ అందుబాటులోకి వచ్చేవి. విదేశీ పత్రిక ఒక్కదానికే అంతకు ఎన్నో రెట్లు చందా కట్టాలి. పెద్ద యూనివర్సిటీ పిల్లలు చదివేదే చిన్న ఊరి డిగ్రీ కాలేజీ పిల్లలూ చదవొచ్చని, అదీ ఇంట్లో కూర్చుని చదవొచ్చని పెట్టిన పథకం ఇది. నేను చూసిన మంచి పనుల్లో దీనికే పెద్దపీట వేస్తాను.

కానీ దీని గురించి మా లైబ్రరీలో చాన్నాళ్లు నోటీసు బోర్డు మీద ఒక కాగితం ఉండేది, అంతే. ఆ కాగితం పక్కనుంచే పిల్లలు వచ్చిపోయేవాళ్లు. కొందరు అదేదో ఫీజు కట్టాలేమో అనుకున్నారు. కొందరి లాగిన్ ఐడీ మెయిల్‌లో స్పామ్‌లోకి పోయి పడి ఉంది. పరీక్షల ముందు పదిమంది ఒకే పాఠ్యపుస్తకం కోసం వరుసలో నిలబడేవాళ్లు. దానికి సమానమైన ఇ-పుస్తకాలు వాళ్ల పేరు మీదే ఉన్నాయని వాళ్లకు తెలియదు. డబ్బు కట్టారు, తలుపు తీశారు, పిలవడం మరిచారు. అది చూస్తూ కూర్చోవడమే నా ఉద్యోగంలో నాకు బాధ కలిగించిన విషయం.

ఈ మేడం వచ్చాక ఆ తీరు మారింది. ఆవిడ కొత్తగా చేరినవాళ్ల పేర్లూ మెయిళ్లూ ఎక్సెల్‌లో పెట్టి ఐడీలు చేయించేది. దాంతో ఆగకుండా ఒక్కొక్కర్నీ నా ముందు కూర్చోబెట్టి లాగిన్ చేయించి పంపేది. అమ్మాయికి చూపించింది నాకు బాగా గుర్తు. పత్రిక పేజీలో ‘మీ సంస్థ ద్వారా ప్రవేశించండి’ అన్నచోట నొక్కమంది. దేశంలోని సంస్థల పేర్లన్నీ బారుగా వచ్చాయి. మన కాలేజీ పేరు ఎంచుకో, నీ ఐడీ కొట్టు అంది. ఆ క్షణంలో లోపల జరిగేది నాకు తెలుసు. ఈ పిల్ల మీ పిల్లేనా అని ఆ ప్రచురణకర్త సైటు అడుగుతుంది. అవును, మా పిల్లే అని ఇటునుంచి జవాబు వెళ్తుంది. అంతే, వ్యాసం తెరుచుకుంటుంది. డబ్బు అడగరు, కార్డు నంబరు అడగరు.

“ఒక్క మాట, చదవడానికి కావలసినవి దింపుకో. మొత్తం సంచికలకు సంచికలు దించేస్తే వాళ్లు మన కాలేజీకే గేటు మూసేస్తారు. నీ పాస్‌వర్డ్ ఎవరికీ ఇవ్వకు, నీ స్నేహితులకు వాళ్లవి ఉన్నాయి” అంది మేడం. అమ్మాయి తలూపింది.

నేను నెమ్మదించానని నన్ను పాతసామాను కింద తీసేసినప్పుడు అమ్మాయి ఆ సంగతి మేడం దగ్గర వింది. వాళ్ల నాన్నను వెంటబెట్టుకుని సాక్చీలో నన్ను కొన్న సెకండ్ హ్యాండ్ దుకాణానికి వచ్చింది. ఆయన కంపెనీలో ఫిట్టరు. డబ్బా మూత విప్పించి లోపలంతా చూశాడు. పాత హార్డ్ డిస్కు తీసేసి ఎస్‌ఎస్‌డీ వేయించాడు, ర్యామ్ పెంచాడు. ఉచితంగా దొరికే లినక్స్ ఎక్కించారు. షేర్ ఆటోలో వాళ్లిద్దరి ఒళ్లోనే అగ్రికో వచ్చాను. పక్కన లైబ్రరీవాళ్లు పెయింటుతో రాసిన నంబరు ఇప్పటికీ అలాగే ఉంది. తుడవొద్దంది అమ్మాయి.

2020 మార్చిలో కాలేజీ మూతపడింది. లైబ్రరీకి తాళం. బీరువాల్లో ఉన్న పుస్తకాలన్నీ అటువైపే ఉండిపోయాయి. అప్పుడు తెలిసింది మేడం చేసిన పని విలువ. ఐడీ చేతిలో ఉన్నవాళ్లకు చదువు ఆగలేదు. అమ్మాయి రాత్రిళ్లు నా ముందు కూర్చునేది. ఐడీ లేనివాళ్లు వాట్సాప్‌లో అడిగితే ఫోన్లో ఒక్కో మెట్టూ చెప్పేది: మెయిల్ తెరువు, స్పామ్‌లో చూడు, పాస్‌వర్డ్ మార్చు. మేడం కూడా ఇంటి నుంచే ఐడీలు పంపేది. ఫోను ఒకటే ఉన్న ఇళ్లలో నాన్న డ్యూటీ నుంచి వచ్చేదాకా పిల్లలు ఆగాల్సి వచ్చేది. ఉచితమైన పుస్తకం చదవడానికి కూడా ఓ తెర కావాలి, డేటా కావాలి. లాక్‌డౌన్ తీశాక కూడా కాలేజీల్లో చదివే గది తెరిచి ఉంచడం, కంప్యూటర్లు పనిచేసేలా చూడటం ఎందుకు అవసరమో దీన్నిబట్టే తెలుస్తుంది. నాలాంటివాళ్లను తీసేయడమే తప్ప బదులు పెట్టకపోతే ఆన్‌లైన్ లైబ్రరీ కొందరిదే అవుతుంది.

అమ్మాయిది చరిత్ర. ఎంఏలో జంషెడ్‌పూర్ కార్మికుల మీద ప్రాజెక్టు తీసుకుంది. 1920లో తొలి సమ్మె, అదే ఏడాది పుట్టిన జంషెడ్‌పూర్ లేబర్ అసోసియేషన్, 1928 సమ్మె, ఆ ఏడాదే సంఘానికి అధ్యక్షుడైన సుభాష్ చంద్రబోస్. తను రోజూ ఆటోలో దాటే ఊరి చరిత్ర అంతా పత్రికల్లో, పరిశోధనల్లో పడి ఉంది. శోధ్‌గంగలో దేశంలోని యూనివర్సిటీల పీహెచ్‌డీ గ్రంథాలుంటాయి, దానికి లాగిన్ కూడా అక్కర్లేదు. ఒక్కో గ్రంథం ముక్కలుగా ఉంటుంది: శీర్షిక ఒక ఫైలు, సర్టిఫికెట్ ఒక ఫైలు, అధ్యాయానికో ఫైలు. మొదట్లో అమ్మాయి మొదటి అధ్యాయం నుంచి వరసగా దింపుకునేది. తర్వాత్తర్వాత చివర ఉండే గ్రంథసూచి ముందు తెరవడం నేర్చుకుంది. అందులో నుంచి పాత వ్యాసాల పేర్లు పట్టుకుని జేస్టోర్ అనే ఆన్‌లైన్ పత్రికల భాండాగారంలో వెతికేది. ఓ రాత్రి ఎక్కడో ఒక పుటలో తెలుగు కూలీల ప్రస్తావన కనబడితే, నిద్రపోతున్న వాళ్ల నాన్నను లేపి మరీ చదివి వినిపించింది.

ఇక్కడే అమ్మాయివాళ్ల మామ్మ సంగతి చెప్పాలి. ఆవిడది సోంపేట దగ్గర పల్లె. ఐదో తరగతి దాకా చదివింది. అప్పటికి ఇంట్లో తెలుగు చదవగలిగేది ఆవిడ ఒక్కతే. “ఏటే అమ్మీ, రోజూ ఆ డబ్బా ముందే కూకుంటావు, తెలుగు పుస్తకాలుండవేటి అందులో?” అని అడిగింది.

ఉన్నాయి. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి, అమెరికాలో కార్నెగీ మెలన్ యూనివర్సిటీలో పనిచేసి, 1994లో ట్యూరింగ్ అవార్డు అందుకున్న రాజ్ రెడ్డి పది లక్షల పుస్తకాలు స్కాన్ చేయాలని ఓ ప్రాజెక్టు తలపెట్టాడు. భారత్, చైనా, అమెరికా, ఈజిప్టు కలిసి చేశాయి. 2007 నాటికి లెక్క 15 లక్షలు దాటింది. మనవైపు దాని పేరు డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా. అలా స్కాన్ చేసిన తెలుగు పుస్తకాలు ఇప్పుడు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో దొరుకుతున్నాయి.

దొరకడం అన్నానే గానీ, వాటిని పట్టుకోవడం ఓ విద్య. పేర్లన్నీ ఇంగ్లీషు అక్షరాల్లో, ఎక్కించినవాళ్లకు తోచిన స్పెల్లింగులో ఉంటాయి. సురవరం ప్రతాపరెడ్డి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ కోసం అమ్మాయి ఎన్ని రకాలుగా కొట్టిందో. ‘సాంఘిక’లో హెచ్ ఉంచి, హెచ్ తీసి, ఏ ఒకటి పెట్టి, రెండు పెట్టి. చివరికి రచయిత ఇంటిపేరుతో వెతికితే వచ్చింది. తెలుగులో సాహిత్య అకాడమీ మొదటి అవార్డు అందుకున్న పుస్తకం అది, 1955లో. అడ్డంగా వంగిన పుటలు, అంచున పురుగు కొట్టిన చిల్లులు, పైన ఏదో లైబ్రరీ గుండ్రటి ముద్ర. అమ్మాయి అక్షరాలు పెద్దవి చేసి నా తెర నిండా పెట్టింది. మామ్మ కళ్లజోడు తుడుచుకుని ముందుకు జరిగి, కూడబలుక్కుంటూ మొదలుపెట్టి, రెండో పుటకల్లా ధాటిగా చదివేసింది. పూర్వం మనవాళ్లు ఏం తిన్నారు, ఏం కట్టారు, ఏ ఆటలాడారు. చదువుతూ మధ్యలో ఆగి, “మా అమ్మ కూడా ఇలాగే సేసీదే” అంటూ తన ఊరి సంగతులు చెప్పేది. అమ్మాయి అవన్నీ పక్కన వేరే ఫైల్లో రాసుకునేది, ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు. ఆ తర్వాత మామ్మ దగ్గరే అ, ఆలు మొదలుపెట్టింది.

ఓసారి పాత వ్యాసమొకటి చదువుతుంటే పడవ లైబ్రరీ సంగతి వచ్చింది. 1935లో పాతూరి నాగభూషణం గుంటూరు జిల్లాలో కొల్లూరు, పెదవడ్లపూడి మధ్య కాలువ మీద పడవలో పుస్తకాలు తిప్పాడు. ఒడ్డున ఉన్న ఊళ్లవాళ్లు వచ్చి తీసుకునేవాళ్లు. మామ్మ ఆ పేరా రెండుసార్లు చదివించుకుంది. పుస్తకం మనిషి దగ్గరికి వెళ్లాలన్న ఆలోచన మనవాళ్లలో అంత పాతదని తెలిసినప్పుడు నేను చేసే పని నాకు ఇంకా నచ్చింది.

2025 జనవరి 1 నుంచి ‘ఒకే దేశం ఒకే చందా’ పథకం మొదలైంది. కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాల ఆధ్వర్యంలోని ఆరు వేలకు పైగా విద్యాసంస్థలకు, 30 ప్రచురణ సంస్థల నుంచి సుమారు 13,000 పత్రికలు. మూడేళ్లకు 6,000 కోట్ల రూపాయలు. వార్త చదవగానే అమ్మాయి మేడంకి ఫోన్ చేసి అడిగిన మొదటి ప్రశ్న: “ఫస్టియర్ వాళ్లకి ఎవరు చెప్తారు మేడం?”

ఇద్దరూ కలిసి ఓ పద్ధతి అనుకున్నారు. అడ్మిషన్ల రోజున ఫీజు కౌంటర్ పక్కనే ఓ టేబుల్. రశీదు చేతికిచ్చే ముందు ప్రతి విద్యార్థి తన ఫోన్‌లో ఒక్కసారి లాగిన్ అయి, ఏదో ఒక పుస్తకం తెరిచి చూపించాలి. ఎలా చేయాలో హిందీలో ఒక కాగితం మేడం రాసింది. తెలుగులో ఒకటి అమ్మాయి నా మీద టైప్ చేస్తోంది, తప్పులు మామ్మ దిద్దుతోంది. ‘పాస్‌వర్డ్’కి తెలుగు మాట పెట్టాలా వద్దా అని ఇద్దరికీ ఇంకా తేలలేదు.