బండి కింద నూనె: టీకా తాత్పర్య సహితం

ఆ.వె.
బండి కింద నూనె పడియుండె నుదయాన
గుడ్డ బట్టి తుడువ గుట్టు తెలియు
సీలు మార్చకుండ చేవతో బిగియింప
బోల్టు తెగును గాని బొట్టు తెగదు

(మెకానిక్ షెడ్డులో కాలెండరు వెనక దొరికిన చాటువు. గ్రీజు మరక పడినందున కవి నామధేయం పరిష్కర్తకు అందలేదు.)

ప్రతిపదార్థం: ఉదయానన్ = ఆఫీసుకు ఆలస్యమైన వేళ; బండి కిందన్ = నిన్ననే కడిగిన గచ్చు మీద; నూనె = ఇంజన్ ఆయిల్; పడి ఉండెన్ = రూపాయి బిళ్లంత మరకై ఉండెను; గుడ్డన్ పట్టి = పాత బనియను చేతబూని; తుడువన్ = తుడవగా; గుట్టు తెలియున్ = కారే చోటు బయటపడును; సీలు = కడ్డీ చుట్టూ ఉండే రబ్బరు చుట్టును; మార్చకుండన్ = కొత్తది వేయక; చేవతోన్ = కండబలంతో; బిగియింపన్ = స్పానరు తిప్పగా; బోల్టు తెగును. దీనికి టీక అక్కరలేదు.

తాత్పర్యం: కారుతున్నది ఎక్కడో తేల్చుకోకుండా బిగించేవాడికి రెండు రిపేర్లు.

విశేషాలు: పద్యానికి ప్రాణం రెండో పాదం. మరక ఉన్నచోటే లీకు ఉందనుకోవడం పామరుల భ్రమ. ట్యాపెట్ మూత దగ్గర కారిన నూనె ఫిన్నుల మీదుగా జారి, బండి నడిచేటప్పుడు గాలికి వెనక్కి పోయి, అడుగున ఉన్న డ్రెయిన్ బోల్టు మీద చేరి బొట్టు కడుతుంది. నింద బోల్టుకు. కాబట్టి ‘తుడువ’ అంటే పైపైన తుడవడం కాదు. చల్లారిన ఇంజన్‌ను కిరోసిను, బ్రష్షుతో కడిగి, పూర్తిగా ఆరనిచ్చి, మొహానికి రాసుకునే పౌడరు అద్ది, కాసేపు స్టార్టు చేసి ఉంచాలి. తెల్లటి పౌడరు మీద తడి గీత ఎక్కడ మొదలైతే అక్కడే గుట్టు. చైన్ దగ్గర మాత్రం తొందరపడి తీర్పు చెప్పరాదు. అక్కడి మరక చైన్‌కు పూసిన నూనె చిందినదీ కావచ్చు.

సీలు విషయంలో కవి పొదుపు పాటించాడు కనుక వ్యాఖ్యాత ఖర్చు చేయక తప్పదు. గేర్ రాడ్ సీలే అనుకుందాం. గేర్ లివరు తీయడానికి ముందు అది ఏ పంటి మీద కూర్చుందో గుర్తు పెట్టుకోవాలి. పాత సీలును స్క్రూడ్రైవరుతో పెకలించేటప్పుడు గూడుకు గీత పడకూడదు. సీలు మీద మూడు అంకెలు ఉంటాయి: లోపలి వ్యాసం, బయటి వ్యాసం, మందం. ఆ శాసనాన్ని స్పేర్‌పార్టుల షాపువాడు క్షణంలో చదువుతాడు. కొత్త సీలు పెదవికి కాస్త ఇంజన్ ఆయిల్ రాయాలి. రాడ్డు చివరి పళ్లు ఆ పెదవిని కోయకుండా వాటి మీద పల్చటి టేపు చుట్టాలి. స్ప్రింగు ఉన్న వైపు లోపలికి, అంటే నూనె వైపుకు. తర్వాత సరిపడే సాకెట్టు ఆనించి, వంకర పోకుండా నెమ్మదిగా తట్టాలి.

పైన గాస్కెట్ పేస్టు పూస్తే చాలుననే మతం ఒకటి ఉంది. జిడ్డు లోహం మీద పేస్టు పట్టదు. ఎక్కువ పూస్తే లోపలికి ఊడిపడి ఆయిల్ దారికి అడ్డం పడుతుంది. మతం ఖండితం.

‘చేవతో’ అన్నది ఎత్తిపొడుపు. కవరుకుండే 6 మి.మీ. బోల్టుకు దాదాపు 10 న్యూటన్ మీటర్ల బిగింపు చాలు. అల్యూమినియంలో మరలు ఇట్టే పోతాయి. ఎదురెదురు బోల్టులను వంతులవారీగా బిగించాలి.

పాఠాంతరం: ‘సీలు’ బదులు ‘వాషరు’ అని ఒక ప్రతిలో ఉంది. గణభంగం, అయినా అర్థం గొప్పది. డ్రెయిన్ బోల్టు దగ్గరే కారుతుంటే వాషరు మార్చడమే మందు.

కవి వదిలేసిన ముఖ్య విషయం బ్రీదర్ పైపు. అది పూడిపోతే క్రాంక్‌కేసులో ఒత్తిడి పెరిగి, కొత్త సీలును కూడా దాటుకుని నూనె బయటికి వస్తుంది. ఆయిల్ మట్టం మించి పోసినా ఇదే గతి. కాబట్టి పాఠకులారా, సీలు కొనడానికి బయల్దేరే ముందు ఆ పైపు పూడిందేమో ఒకసారి చూడండి.